స్వప్నంలో మాండలిన్

మా కొత్తపట్నం ఒడ్డున సంధ్యవేళ నిలిచినవారికి అలల హోరు ఎడతెగక వినవస్తూ ఉంటుంది. ఆ హోరులోనుంచి పడవమీది పిలుపు ఒకటి వస్తుంది. మాట తెలియకపోయినా, పిలిచినవాడెవడో ఒడ్డున ఎదురుచూచే ఇంటివారు పోల్చుకొంటారు. సంగీతంలో కూడా హోరు నడుమ గొంతు ఇట్లు నిలువగలదా అన్నదే నేటి ప్రసంగ విషయం.

1990 ప్రాంతాన ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక నూతన సంగీత ధోరణి తలయెత్తినది. మందగతిలో సాగే తాళం, గంభీరమైన మంద్రనాదం, పాత రికార్డులనుంచి గ్రహించిన ధ్వనిఖండాలు, వినేవానిని స్వప్నావస్థలోనికి కొనిపోయే ప్రతిధ్వనులు దాని లక్షణాలు. 1994లో పత్రికలవారు దీనిని 'ట్రిప్-హాప్' అన్నారు. ఇందులో ప్రధానపురుషుడు గాయకుడు కాడు, వాద్యకుడూ కాడు. ధ్వనులను ఏరి, కత్తిరించి, కూర్చే ప్రొడ్యూసర్. రేడియో రూపకాలు విన్న మనకు ఈ పదవి కొత్తది కాదు.

బ్రిస్టల్‌కు అనతిదూరంలో బాక్స్ అనే గ్రామమున్నది. అక్కడ పీటర్ గేబ్రియల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థ పక్షాన, కెనడా దేశీయుడైన మైకేల్ బ్రూక్ ప్రఖ్యాత కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్‌తో 'మస్త్ మస్త్' రూపొందించినారు. అది 1990లో వెలువడినది. అందలి ప్రధాన గీతాన్ని బ్రిస్టల్ బృందమైన మాసివ్ అటాక్ తమ ధోరణిలో తిరిగి కూర్చినది. అయితే 'మస్త్ మస్త్' రికార్డు కూర్పులో కొన్నిచోట్ల వాక్యం నడుమ తెగి అర్థం చెడినదనీ, సరిదిద్దుకోవలసి వచ్చినదనీ బ్రూక్ తరువాత చెప్పినారు.

ఆ బ్రూక్‌తో కలిసి 1995లో 'డ్రీమ్' అనే రికార్డు వెలువరించినవారు మన తెలుగువారు, ఉప్పలపు శ్రీనివాస్. దానికి ట్రిప్-హాప్ అన్న పేరు లేకపోయినా, అది ఆ బంధుకోటిలోనిదే. శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో జన్మించినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాద్యకులు కారు. వారు పాడేవారు; బాలుడు ఆ పాటను తీగలమీద పలికించేవాడు. జంట తీగల పాశ్చాత్య వాద్యానికి బదులు అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ చేపట్టి, గమకాన్ని దానిచేత పలికించినారు. కనుక ఆ వాద్యంలో మాట లేకపోయినా గాత్రమున్నది.

బ్రూక్ వాయించేది తాము స్వయంగా రూపొందించుకొన్న 'ఇన్ఫినిట్ గిటార్'. దాని స్వరం కోరినంతసేపు నిలుస్తుంది. మాండలిన్ స్వరమో, మీటిన వెంటనే క్షీణించిపోయేది. ఆరని నాదంమీద ఆరిపోయే నాదాన్ని నిలపడమే ఈ ప్రయోగం. నైజెల్ కెనడీ వయొలిన్, బ్రెజిల్ దేశీయుడు నానా వాస్కొన్‌సెలోస్ లయవాద్యాలు దీనికి తోడైనవి.

ఇక్కడొక ప్రమాదమున్నది. మాట తెగితే భాష తెలిసినవాడు వెంటనే పట్టుకొంటాడు. గమకం తెగితే ఎవరు పట్టుకొంటారు? స్వరాలన్నీ ఉండి రాగం లేకుండా పోవచ్చును. నా చెవికి తోచినంతవరకు 'డ్రీమ్'లో మాండలిన్ కొన్ని ఘట్టాలలో మంచులోనికి జారిపోతుంది. రాగవిస్తారానికి అలవాటుపడినవారికి అది కొరతయే. కాని తక్కిన ఘట్టాలలో ఒక్క జారుతోనే, ఒక్క కంపితంతోనే శ్రీనివాస్ పోలిక తెలిసిపోతుంది. ప్రొడ్యూసర్ ఎంత నేర్పరి అయినా ఆ జారును కూర్చలేడు. దానికి చోటు మాత్రమే ఇవ్వగలడు. చోటివ్వడం ఎరిగినవాడే మంచి ప్రొడ్యూసర్.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలుబది అయిదేళ్ల వయసులో, చెన్నైలో కన్నుమూసినారు. శ్రోతలకు నా మనవి ఒక్కటే. అదే సంస్థ 1994లో వెలువరించిన వారి 'రామ శ్రీరామ' రికార్డును ముందుగా వినండి. ఆ గొంతు చెవికి పరిచయమైన పిదప 'డ్రీమ్' వినండి. అప్పుడు హోరెంతో, పిలుపెంతో మీకే తెలుస్తుంది.