లక్ష్యము, లక్షణము: ఆంగ్ల వ్యాకరణ నియమముల పుట్టుక

లక్ష్యము ననుసరించి లక్షణ మేర్పడునని మన పెద్దలు చెప్పిరి. ప్రజలు పలికెడి భాష లక్ష్యము. దానిని పరిశీలించి శాస్త్రకారుడు కూర్చిన నియమము లక్షణము. ఆంగ్ల పరీక్షకు కూర్చుండు విద్యార్థి యీ వరుసను తలక్రిందులుగా నేర్చుచున్నాడు. నియమములను వల్లించును, అవి యెక్కడనుండి వచ్చినవో యెరుగడు. కావుననే యవి చిక్కుముడులుగా కన్పట్టును. నియమముల చరిత్ర తెలిసినచో ముడులు చాలవరకు విడిపోవును.

వేయి సంవత్సరముల క్రిందట ఆంగ్లమునందును విభక్తి ప్రత్యయములు సమృద్ధిగా నుండెను. కాలక్రమమున నవి రాలిపోగా, పదముల వరుసయే విభక్తి పనిని చేయసాగెను. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను తెలుగున అర్థము మారదు. ఆంగ్లమున పేర్ల స్థానములు మారినచో చచ్చినవాడే చంపినవా డగును. పాత ప్రత్యయములలో మిగిలినవి కొన్నియే. హి, హిమ్, హూ, హూమ్ అను భేదములును, వర్తమానకాల క్రియకు ఏకవచనమున చేరు "స్" అను ధ్వనియు నట్టివి. పరీక్షలలోని చిక్కుప్రశ్నలలో ననేకము లీ శిథిలముల చుట్టునే తిరుగును.

ఒక యుదాహరణము. "ది లిస్ట్ ఆఫ్ బుక్స్ ఈజ్ ఆన్ ది టేబుల్" అనవలెను గాని "ఆర్" అనరాదు. కారణము మన భాషయే చెప్పును. "పుస్తకముల జాబితా బల్లమీద నున్నది" అందుము, "ఉన్నవి" అనము. తెలుగున జాబితా యను కర్త పుస్తకముల తరువాత వచ్చి క్రియవైపు నిలుచును గనుక పొరపాటు పుట్టదు. ఆంగ్లమున కర్త ముందే వెళ్లిపోవును. బహువచనమగు "బుక్స్" క్రియ ప్రక్కన నిలిచి చెవిని మోసగించును. పరీక్షకుడు నడుమ మరి నాలుగు మాటలు చేర్చి వల పన్నును. క్రియను పట్టుకొని "ఏది?" యని ప్రశ్నించి, నడిమి మాటలను వ్రేలితో మూసి చదివినచో కర్త బయటపడును.

ఇది భాషాస్వభావమునుండి పుట్టిన నియమము. ఎరువు తెచ్చుకొన్న నియమములు వేరు. విలియం బులోకర్ 1586లో తొలి ఆంగ్ల వ్యాకరణమును ప్రకటించి, లాటిను వ్యాకరణమునే మాదిరిగా గైకొనెను. నన్నయ కృతమని ప్రసిద్ధి నొందిన ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నున్నట్లే, ఆంగ్లభాషకు కొన్ని వ్యాకరణములు లాటినులోనే వెలువడెను. గణితవేత్త జాన్ వాలిస్ 1653లో వ్రాసినది యట్టిదే. అయినను ఆంగ్లమును లాటిను మూసలో పోయరాదని యాతడే వాదించెను. "షల్", "విల్" భేదమును సూత్రీకరించినదియు నాతడే.

వాక్యాంతమున "విత్", "టు" వంటి ప్రిపొజిషను నిలుచుట దోషమని 1672లో కవి డ్రైడెన్ బెన్ జాన్సన్‌ను తప్పుపట్టెను. లాటినున నట్లుండదు, ఆంగ్లమున జనులు నిత్యము పలుకుచుండిరి. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణమున, ఇది సంభాషణకు తగును, గంభీరరచనకు తగదని మెత్తగా చెప్పెను. 1795లో లిండ్లీ మర్రే యార్క్ నగరమందలి బాలికల పాఠశాలకై వ్యాకరణము వ్రాసి, లౌత్ నుండి విరివిగా గ్రహించెను. ఆ గ్రంథము లక్షలకొలది ప్రతులు చెల్లెను. బడిపుస్తకములనుండి బడిపుస్తకములకు పాకుచు, పెద్దల సలహా పిల్లలకు శాసన మయ్యెను.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట తెలుగుసీమ బాలురకును ఆంగ్ల వ్యాకరణము ఉద్యోగద్వారమునకు తాళపుచెవి యయ్యెను. అమెరికాలో 1926 జూన్ 23న సుమారు 8,000 మందికి "స్కొలాస్టిక్ ఆప్టిట్యూడ్ టెస్ట్" తొలిసారి జరిగెను. 1964లో విదేశ విద్యార్థుల ఆంగ్లమును కొలుచు "టోఫెల్" వచ్చెను. ఇచ్చిన సమాధానములలో నొకదానిని గుర్తించు ప్రశ్నకు వివరణ చెప్పుకొను తావు లేదు.

అట్టి ప్రశ్న యొకటి వివాదమునకు గురియైనది. 2002 అక్టోబరులో అమెరికాలో జరిగిన "పి.ఎస్.ఎ.టి." పరీక్షలో, నవలాకర్త్రి టోనీ మారిసన్ యొక్క ప్రతిభ ఆమెకు నవలలు సృజించు శక్తి నిచ్చుచున్నదను భావముగల వాక్యము నిచ్చి దోషము నడిగిరి. దోషము లేదనుటయే వారి యుత్తరము. షష్ఠిలోనున్న పేరును "ఆమె" యను సర్వనామము సూచింపరాదని కొన్ని వ్యాకరణములు చెప్పుచున్నవని ఒక ఉపాధ్యాయుడు వాదించెను. పరీక్షాధికారులు మొదట త్రోసిపుచ్చిరి. ఆయన విడువలేదు. తుదకు 2003లో ఆ ప్రశ్నను లెక్కనుండి తొలగించి మార్కులను సవరించిరి. ఆ పరీక్ష విద్యార్థివేతనములకు సోపానము. ఒక్క గుర్తు మీద పేదబాలుని చదువు నిలువవచ్చును.

కావున విద్యార్థి నియమములను వేరుపరచి నేర్వవలెను. కర్తకు క్రియ లోబడుట భాషాధర్మము, అది తప్పరాదు. లాటిను నుండి వచ్చినవి సభామర్యాదలు. పరీక్షలో పాటించి, చదువునపుడు వాని నతిక్రమించిన మహాకవులను దోషులనుకొనరాదు. పండితులే యేకీభవింపనివి కొన్ని గలవు; అచట సందేహించుట అజ్ఞానము గాదు. గ్రంథాలయమున ఆంగ్ల వ్యాకరణము తెరచినవారు ప్రక్కనే చిన్నయసూరి బాలవ్యాకరణమును గూడ నుంచుకొందురు గాక. స్వభాషలో కర్తను గుర్తింపగలవాడు పరభాషలో దానిని వెదకుటకు వెరవడు.