అమరావతి శిలలలో నృత్యగానములు

సమాధి యనగానే దుఃఖము స్ఫురించుట లోకసహజము. కాని ప్రాచీన ఈజిప్టు దేశీయులు తమ సమాధుల గోడలపై విందులను, పాటలను, ఆటలను చిత్రించుకొనిరి. క్రీ. పూ. 1350 ప్రాంతమున థీబ్సు నగరమున నెబమున్ అను ఉద్యోగికి కట్టిన సమాధిలో అట్టి చిత్రమొకటి యుండెను. అందు ఒక వనిత జంట గొట్టముల పిల్లనగ్రోవి నూదుచున్నది. చెంత కూర్చున్నవారు చేతులు చరచి తాళము వేయుచున్నారు. ఇద్దరు యువతులు నాట్యమాడుచున్నారు. బ్రదికిననాటి సుఖము మరణానంతరమును కొనసాగవలెనని ఆ జనుల కోరిక.

ఆ చిత్రమిప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నది. కృష్ణాతీరమునుండి కొనిపోబడిన అమరావతి శిల్పములు ననేకములు ఆ మ్యూజియములోనే యున్నవి.

బౌద్ధస్తూపమును ఒకవిధముగా సమాధియే. 1892లో భట్టిప్రోలు స్తూపగర్భమున ధాతువులుంచిన కరండములు లభించినవి. అట్టి పవిత్రస్థానముచుట్టును శాతవాహనుల కాలపు శిల్పులు నృత్యగానములను చెక్కిరి. చెన్నపట్టణపు మ్యూజియములోని అమరావతి ఫలకమొకదానిపై దేవతలు బుద్ధుని భిక్షాపాత్రను తుషితస్వర్గమునకు గొనిపోవుచు ఆనందముతో ఆడుచున్నారు. మరికొన్ని శిలలపై అంతఃపురకాంతలు వాద్యములు మ్రోయించుచున్నారు. ఒకచోట నృత్యము భక్తికి గుర్తు. వేరొకచోట సిద్ధార్థుడు విడిచిపోయిన భోగమునకు గుర్తు. విడువదగినదని యెంచియు శిల్పి దానిని అశ్రద్ధతో చెక్కలేదు. విడిచినది ఎంత మనోహరమో చూపిననే గదా త్యాగము యొక్క విలువ తెలియుట!

ఈ శిలలయందలి వీణ విశేషముగా గమనింపదగినది. నేటి వీణకు దండియు, మెట్లును కలవు. అమరావతి వీణ విల్లువలె వంగియుండును. గిన్నెవంటి బుఱ్ఱనుండి కొమ్మువఱకు తంత్రులు బిగింపబడియుండును. ఈజిప్టు సమాధులలోను వంపు వీణలు కానవచ్చును. పోలికను బట్టియే ఒకరినుండి యొకరు నేర్చిరని నిర్ణయింపరాదు. నాలుగవ శతాబ్దిలో సముద్రగుప్తుడు ఇట్టి వీణనే పట్టుకొని తన నాణెముపై కూర్చున్నాడు. పిమ్మట కాలక్రమమున అది మన సంగీతసభలనుండి మఱుగైనది. బర్మాలో మాత్రము సౌంగ్ అను పేర దాని బంధువు నేటికిని పలుకుచున్నది. మనకు పేరు మిగిలినది, వస్తువు మాఱినది. పాత రూపమేదో చెప్పుటకు శిలలే సాక్షులు.

ఆ సాక్షులును సురక్షితముగా నిలువలేదు. 18వ శతాబ్ది చివర మెకంజీ దొర అమరావతి దిబ్బను చూచునాటికే అచటి రాళ్లను కట్టడములకై త్రవ్వుకొనిపోవుచుండిరి. 1816లో ఆయన మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. కొన్ని ఫలకములు సున్నముగా కాల్పబడినవి. 1845లో ఇలియట్ దొర త్రవ్వించిన శిలలు చెన్నపట్టణము చేరి, వానిలో పెక్కు 1859లో ఓడలపై లండనుకు సాగిపోయినవి.

సున్నపుబట్టీలో పడిన ఫలకముపై ఏ నర్తకి యుండెనో, ఏ వాద్యముండెనో ఇక నెవ్వరును చెప్పజాలరు. వాడరేవు మొదలు కృష్ణాతీరమువఱకు గల గ్రామములలో నేటికిని పొలముగట్లపై, బావులచెంత ప్రాతరాళ్లు కానవచ్చుచుండును. బొమ్మగాని వ్రాతగాని యున్న రాతిని మెట్టుగా వేయకముందు ఒక్కమాఱు పరీక్షించి, తెలిసినవారికి చూపుట గ్రామస్థుల ధర్మము. గ్రంథాలయములో జీర్ణపుస్తకమును కాపాడు చేయియే ఆ రాతినిగూడ కాపాడవలెను.