ఎలుక ఉలి, సొర రంపం

బియ్యం బస్తా కింది మూలన వేలు పట్టేంత కన్నం, నేల మీద గోనె నార. చిట్టెలుక పనేనని చూడగానే తెలిసిపోతుంది. ఇంత పని చేసిన నోట్లో ఉన్నవి 16 పళ్లే. ముందు కొరికేవి నాలుగు, వెనక నమిలేవి పన్నెండు, మధ్యలో అంతా ఖాళీ. అదే పెద్ద తెల్ల సొర నోట్లో వరసల మీద వరసలుగా 300 దాకా ఉంటాయి.

ఇద్దరిలో పాతకాపు సొరే. దాని వంశం పళ్లకు 40 కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది. సొర ఒంటిని తోక నుంచి తలవైపు నిమిరితే గరుకు కాగితంలా గీరుకుంటుంది. ఆ పొలుసుల్లోనూ పంటిలో ఉన్నట్టే లోపల డెంటిన్, పైన గట్టి పూత ఉంటాయి. పొలుసులే నోట్లోకి పాకి పళ్లయ్యాయని కొందరు శాస్త్రజ్ఞుల వాదం. కాదు, పళ్లు ముందు గొంతులో పుట్టాయని మరికొందరంటారు.

సొరకు ఎముకలు లేవు. చచ్చాక వాటి బదులుండే మృదులాస్థి కుళ్లిపోతుంది, పళ్లు మాత్రం రాళ్లలో మిగిలిపోతాయి. మాల్టా దీవిలో అలా దొరికిన మూడు మూలల రాళ్లను ఐరోపావాళ్లు ‘నాలుక రాళ్లు’ అనేవారు. విషానికి విరుగుడని దగ్గర ఉంచుకునేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర ఓ భారీ సొర జాలర్లకు చిక్కింది. దాని తలను ఫ్లోరెన్సులో కోసి చూసిన డెన్మార్క్ వైద్యుడు నికోలస్ స్టెనో, ఆ రాళ్లు ఒకనాటి సొర పళ్లేనని మరుసటి ఏడాది రాశాడు.

సొర పన్ను దవడలో పాతుకోదు, చిగురును పట్టుకుని నిలబడుతుంది. ముందుది ఊడగానే వెనక వరసలోంచి కొత్తది జరిగి వస్తుంది.

డైనోసార్లు పోయాక వచ్చిన ఎలుక జాతికి ఆ సదుపాయం లేదు. చిట్టెలుకకు పాలపళ్లు ఊడి కొత్తవి రావడమన్నదే ఉండదు. దానికి బదులు ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. వాటికి ఎనామిల్ ముందువైపే ఉంటుంది; వెనకనున్న డెంటిన్ త్వరగా అరిగి, వడ్రంగి ఉలిలా ఏటవాలు అంచు తేలుతుంది. ఎదుటి పన్ను విరిగితే మాత్రం చిక్కే. ఒరిపిడి లేని పన్ను వంకర తిరిగి పెరిగి, నోరు మెదపనివ్వక ఎలుకను పస్తు పెడుతుంది.

ఇంత తేడా ఉన్నా, చిట్టెలుక దవడలో పన్ను మొలిపించే ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అనే జన్యువు పిల్లిసొర పిండంలోనూ పళ్లు మొలిచే చోటే పనిచేస్తూ కనిపించింది. ఊడిన పన్ను మనిషికి మళ్లీ మొలిపించే దారి వెతికేవాళ్లు ఇప్పుడు ఈ రెండు నోళ్లలోకీ తొంగిచూస్తున్నారు.