మారిషస్ పెళ్లిపందిట్లో భోజ్‌పురి పాట

మారిషస్‌లోని భోజ్‌పురి కుటుంబాల్లో పెళ్లికి ముందు ఆడవాళ్లు ఒకచోట చేరి పాడే వేడుకను గీత్-గవాయీ అంటారు. మొదట అయిదుగురు ముత్తయిదువలు పసుపు, బియ్యం, గరిక, డబ్బు ఒక గుడ్డలో ఉంచి శుద్ధి చేస్తారు. ఆ సేపంతా మిగిలినవాళ్లు దేవతల పాటలు పాడుతూనే ఉంటారు. తరవాత పెళ్లికూతురి తల్లో పెళ్లికొడుకు తల్లో, డోలక్ వాయించే మనిషితో కలిసి వాద్యాలకు పూజ చేస్తుంది. డోలక్‌కు తోడుగా ఇత్తడి చెంబు, చెంచాలు, పళ్లెం కూడా మోగుతాయి. వంటింటి సామానే తాళమవుతుంది. పూజ ముగిశాక పాట వేగం పుంజుకుంటుంది, పిన్నా పెద్దా లేచి ఆడతారు. 2016లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ పాట ఆ దీవికి కూలి ఓడల్లో చేరింది. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. అప్పటికే చెరకు తోటల యజమానులు కొత్త కూలీల కోసం భారతదేశం వైపు చూస్తున్నారు. 1834 నవంబర్ 2న కలకత్తా నుంచి 36 మందితో అట్లాస్ అనే ఓడ పోర్ట్ లూయీ రేవు చేరింది. ఆ తరవాత 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు అక్కడ దిగారు. వాళ్లలో ఎక్కువమంది బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెలవాళ్లు, భోజ్‌పురి ఆ పల్లెల భాష. రేవులో వాళ్లు అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఆ తోటల్లో చాలాకాలం నడిచింది. వలస కార్యాలయం ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, ఊరు, కులం, ఒంటి మీది గుర్తులు రాసుకుంది. ఆ మనిషికి ఏ పాటలు వచ్చో మాత్రం ఏ చిట్టాలోనూ లేదు. అందుకే ఈ చరిత్రకు కాగితాలకంటే ఆడవాళ్ల గొంతులే పెద్ద ఆధారం.

తొలి దశాబ్దాల్లో వచ్చినవాళ్లలో స్త్రీలు చాలా తక్కువ. తోటల్లోని కూలి లైన్లలో పెళ్లి వేడుకకు తగిన తీరికా లేదు, చోటూ లేదు. 19వ శతాబ్దం చివరి భాగంలో చక్కెర ధర పడిపోయి యజమానులు భూములను ముక్కలుగా అమ్మసాగారు. ఒప్పందం తీరినవాళ్లు ఆ ముక్కలు కొనుక్కుని ఊళ్లు కట్టుకున్నారు. సొంత వాకిలి ఏర్పడ్డాకే పాటకు నిలకడ దొరికిందని చెప్పాలి. సాయంత్రాలు మగవాళ్లు 'బైఠకా' అనే చావిడిలో చేరి తులసీదాసు రామాయణం చదివేవారు, పిల్లలకు అక్షరాలు నేర్పేవారు. ఆడవాళ్ల బడి పెళ్లివాకిలి. అక్కడ పుస్తకం లేదు, అమ్మమ్మ పాడగా మనవరాలు విని పట్టుకోవడమే చదువు.

ఈ పాటల్లో రకాలు చాలా ఉన్నాయి. బిడ్డ పుట్టినప్పుడు పాడే సోహర్ మన పురిటి పాటలకు చుట్టం. మగపెళ్లివారిని ఆటపట్టించే గారీ పాటలు వింటే తెలుగువాళ్లకు వియ్యాలవారి పాటలు గుర్తురాక మానవు. వానలు మొహం చాటేస్తే ఆడవాళ్లు చేసే హర్‌పరౌరీ మన కప్పతల్లి ఆట లాంటి వాన మొక్కు. ఈ పోలికలకు కారణం ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం కాదు. సేద్యం మీద బతికే ఊళ్లలో పుట్టుక, పెళ్లి, వాన అనే మూడింటి చుట్టూ ఆడవాళ్ల పాట తనంత తానే అల్లుకుంటుంది.

భోజ్‌పురి పాట రాకముందే దీవిలో మరో పాట ఉంది. మడగాస్కర్, మొజాంబిక్ ప్రాంతాల నుంచి తెచ్చిన బానిసల సంతతి పాడే సెగా అది. మేకతోలు బిగించిన రవాన్ డప్పును మంటకు కాచి వాయిస్తారు. 2014లో అది కూడా యునెస్కో జాబితాకెక్కింది. మొదట ఈ రెండు పాటలవీ వేరువేరు వాకిళ్లు. తరవాత దీవిలోని క్రియోల్ భాష మాటలు భోజ్‌పురిలోకి వచ్చాయి, సెగా లయలో భోజ్‌పురి పాటలు పుట్టాయి. దీన్ని కల్తీ అనడం సరికాదు. పక్కింటివాళ్లతో కలిసి బతికిన పాట పక్కింటి లయను పట్టుకోవడం సహజం.

కూలి ఓడల్లో తెలుగువాళ్లూ మారిషస్ చేరారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా వచ్చినందున వాళ్లకు అక్కడ 'కోరంగీలు' అని పేరు పడింది. వాళ్ల వారసులు వెలిగించిన దీపం చుట్టూ తిరుగుతూ ఆడిపాడే రామభజనాన్ని, సింహాద్రి అప్పన్న పూజను నేటికీ నిలుపుకున్నారు. తాతలది ఉత్తరాంధ్ర అని ఆ దేవుడి పేరే చెబుతుంది. ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి.

ఇంట్లో మాట్లాడే భాషగా భోజ్‌పురి వేగంగా తగ్గిపోయింది. 2000 జనాభా లెక్కల్లో సుమారు 12 శాతం మంది దాన్ని ఇంటిభాషగా చెప్పారు, 2011 నాటికి ఆ సంఖ్య 5.3 శాతానికి పడింది. అప్పటికి క్రియోల్ 86 శాతం దాటింది. పాట మాత్రం భాషంత వేగంగా పోలేదు. మాట రోజూ వాడితేనే నిలుస్తుంది, పెళ్లిపాటకు ఏడాదికి నాలుగు పెళ్లిళ్లున్నా చాలు. ఇప్పుడు గీత్-గవాయీ నేర్పే బడులున్నాయి, సామాజిక కేంద్రాల్లో శిక్షణ నడుస్తోంది. ఒకప్పుడు ఆడవాళ్లకే పరిమితమైన ఈ పాట వేదికలెక్కింది, మగవాళ్లూ గొంతు కలుపుతున్నారు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే అమ్మాయిలు డోలక్ ముందు కూర్చుని భోజ్‌పురిలో పాట ఎత్తుకుంటున్నారు.