భుజానికెత్తుకునే పడవ

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఈశాన్య కొసన, కెనడా సరిహద్దు వెంట, వెయ్యికి పైగా సరస్సులున్న అడవి ఒకటుంది. పేరు బౌండరీ వాటర్స్. వేసవిలో జనం అక్కడికి వచ్చి కెనూ అనే సన్నటి పడవల్లో తెడ్డేసుకుంటూ తిరుగుతారు. ఈత కొడతారు. రాత్రికి ఏదో ఒక ఒడ్డున డేరా వేసుకుంటారు. ఒక సరస్సు దాటాక పడవను బోర్లించి భుజాలకెత్తుకుని, అడవిబాటన నడిచి, అవతలి సరస్సులో దించుతారు. ఆ బాటకు పోర్టేజ్ అని పేరు. ఈ విహారం పుట్టుక, ఎదుగుదల, దాని కోసం జరిగిన పోరాటాలు అన్నీ ఆ మోత చుట్టూనే తిరిగాయని నా నమ్మకం.

మంచుయుగంలో హిమానీనదాలు ఇక్కడి పాత రాతినేలను గీరి, గుంటలు తవ్వి వెళ్లాయి. అందుకే సరస్సులు దగ్గర దగ్గరగా, మధ్యలో రాతి మిట్టలతో ఉంటాయి. ఇలాంటి చోట బరువైన పడవ ఎంత గట్టిదైనా పనికిరాదు.

ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు దీనికి వాడిన ఉపాయాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మన పూర్వులు రాతకు వాడిన భూర్జపత్రాల జాతి చెట్టే అక్కడా ఉంది. వేసవి మొదట్లో, బెరడు సులువుగా ఊడివచ్చే రోజుల్లో, పెద్ద చెట్టు నుంచి దాన్ని ఒలుస్తారు. తెల్లటి పైభాగం పడవ లోపలికి, చెట్టును అంటుకుని ఉన్న వైపు నీళ్లకు తగిలేలా తిప్పుతారు. స్ప్రూస్ వేళ్లను నానబెట్టి, చీల్చి, వాటితో కుడతారు. సీడార్ బద్దలను వేడినీళ్లతో వంచి పక్కటెముకల్లా బిగిస్తారు. కుట్ల మీద చెట్టుబంకను కొవ్వుతో, బొగ్గుపొడితో కలిపి పూస్తారు. ఒక్క మేకు కూడా ఉండదు. రాయి తగిలి చిరిగితే మరమ్మతుకు కావలసినవన్నీ ఒడ్డునే దొరుకుతాయి. వాళ్లకిది విహారపు పడవ కాదు. చేపలకు, ప్రయాణానికి, నీళ్లలో తనంతట తాను పెరిగే అడవి వరిని కర్రలతో పడవలోకి దులుపుకోవడానికి అదే ఆధారం.

యూరప్‌లో బీవర్ జంతువు బొచ్చుతో చేసే టోపీలకు గిరాకీ పెరిగాక వర్తకులు ఆ పడవనే అందిపుచ్చుకున్నారు. 18వ శతాబ్దం చివర్లో మాంట్రియల్ నుంచి సుమారు 36 అడుగుల కెనూల్లో సరుకు సుపీరియర్ సరస్సు దాటి గ్రాండ్ పోర్టేజ్‌కి వచ్చేది. అక్కడ పిజియన్ నదిలో జలపాతాలు అడ్డం. దాదాపు 14 కిలోమీటర్లు నడవాల్సిందే. 90 పౌండ్ల మూటలు, మనిషికి రెండేసి, నుదుటికి తోలుపట్టీ తగిలించుకుని మోసేవారు. బరువుకు ఒళ్లు హూనమైన ఆ కూలీల పేర్లు చాలావరకు ఎక్కడా మిగల్లేదు. వాళ్లు రాత్రిళ్లు బోర్లించిన పడవ కిందే పడుకునేవారు. 1842 నాటి సరిహద్దు ఒప్పందం ఈ జలమార్గాలను, పోర్టేజ్‌లను రెండు దేశాల వాళ్లకూ తెరిచే ఉంచింది.

బొచ్చు వ్యాపారం సన్నగిల్లింది. కలప వాళ్లు, గనుల వాళ్లు, వాళ్ల వెనకే విహారులు వచ్చారు. 1882లో డులుత్ పట్టణంలో కామిల్ పోరియర్ ఒక కిత్తాన్ సంచికి పేటెంట్ తీసుకున్నాడు. నుదుటిపట్టీతో పాటు భుజాలకూ పట్టీలు పెట్టాడు, గొడుగు నిలిపే ఏర్పాటు కూడా చేశాడు. డులుత్ ప్యాక్ అని ఇప్పటికీ కెనూలో వేసుకునేది దాని సంతతే.

1909లో ఈ ప్రాంతం సుపీరియర్ జాతీయ అటవీ ప్రాంతమైంది. 1925లో ఎడ్వర్డ్ బ్యాకస్ అనే పారిశ్రామికవేత్త వరసగా ఆనకట్టలు కట్టి విద్యుత్తు తీస్తానన్నాడు. కట్టి ఉంటే ఎన్నో ఒడ్లు, దీవులు మునిగేవి. దాన్ని ఆపడానికి ప్రకృతి సంరక్షణవాది ఎర్నెస్ట్ ఓబర్‌హోల్ట్‌జర్ ఏళ్ల తరబడి పోరాడాడు. 1930లో వచ్చిన చట్టం నీటిమట్టాలు మార్చడాన్ని, ఒడ్డు నుంచి 400 అడుగుల లోపు చెట్లు నరకడాన్ని కట్టడి చేసింది. తర్వాత ప్రమాదం ఆకాశం నుంచి వచ్చింది. విహారులు నీళ్ల మీద దిగే విమానాల్లో నేరుగా లోపలి సరస్సులకే చేరుతుంటే 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఇచ్చిన ఆజ్ఞ తర్వాత అవి ఆగాయి. 1978 చట్టం కొన్ని సరస్సుల్లో తప్ప మోటార్లను మాన్పించింది. ఒంటి బలంతో వచ్చేవాడికే లోపలి చోటు అనడం నాకు న్యాయంగానే తోస్తుంది.

పడవా తేలికైంది. 1944లో గ్రమ్మన్ విమాన కంపెనీకి చెందిన విలియం హాఫ్‌మన్, కర్రకు కిత్తాన్ తొడిగిన కెనూ మోసి అలిసిపోయి, విమానాల అల్యూమినియంతో చేస్తే ఏమని ఆలోచించాడు. ఇప్పుడు కెవ్లార్‌తో చేసినవి 20 కిలోలకు అటూ ఇటూగా ఉంటున్నాయి. ఆకారం మాత్రం ఆ బెరడు పడవదే.

నేడు అక్కడ సుమారు 2,000 విడిది చోట్లున్నాయి. ఒక్కోదాంట్లో నెగడుకు ఇనుప చట్రం, మరుగుదొడ్డి, అంతే. ఒక గుంపులో తొమ్మిది మందికి మించకూడదు. పారేసే డబ్బాలు, గాజు సీసాలు తేకూడదు. చిత్తడినేలల ఊట కలిసి కొన్ని సరస్సుల నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ఈదేవాళ్లు రాతి ఒడ్ల నుంచే దిగుతారు, సబ్బు మాత్రం నీటికి దూరంగా వాడాలి.

మనిషి అడుగు పడని అడవి అని దీన్ని పొగుడుతుంటారు. అది అబద్ధం. 1854 ఒప్పందంలో ఓజిబ్వేలు ఈ నేలను వదులుకున్నా, వేట, చేపల హక్కులు అట్టేపెట్టుకున్నారు. గ్రాండ్ పోర్టేజ్ బాట ఈనాడు జాతీయ స్మారకం. దానికి భూమి ఇచ్చింది వాళ్లే. జాతీయ పార్కుల శాఖతో కలిసి దాని నిర్వహణ చూస్తున్నదీ వాళ్లే.