అడవిలో ఆశ్రయం: సిద్దీల పల్లెలు, గోదావరి గట్లు

బానిసత్వం నుండి తప్పించుకున్నవారు అడవిలో ఊళ్లు కట్టుకున్న చరిత్ర అనగానే మనకు అమెరికా ఖండమే గుర్తుకు వస్తుంది. కాని మన పొరుగునే, ఉత్తర కన్నడ జిల్లాలోని హళియాళ, ఎల్లాపుర, అంకోలా అడవులలో సిద్దీల పల్లెలున్నాయి. పోర్చుగీసువారు ఆఫ్రికా నుండి గోవాకు బానిసలుగా తెచ్చినవారిలో కొందరు పారిపోయి, కనుమలు దాటి అక్కడ చేరారు. వారి సంతతిలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు కూడా ఉన్నారు. (హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేట నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం పేరు మీద వెలసినది. అది కొలువు చేసినవారి చరిత్ర, వేరు.)

ఆ పల్లెలు నిలవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. యజమాని ప్రభుత్వం చేయి ఆవలి గట్టుకు అందలేదు. చేరిన చోట నరికి సాగు చేసుకొనే అడవి ఉన్నది.

భద్రాచలం దగ్గర గోదావరికి కూడా ఒకప్పుడు ఇటువంటి రెండు గట్లే ఉండేవి. 1860లో ఎడమ గట్టు తాలూకాలను నిజాం ఆంగ్లేయులకు అప్పగించాడు. కుడి గట్టున పాల్వంచ ప్రాంతం నిజాం రాజ్యంలోనే మిగిలినది. కంపెనీ ప్రాంతాలలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించరాదని 1843లోనే చట్టం వచ్చింది. కుడి గట్టున మనిషిని కట్టివేసినది అప్పు. భగేలా అనే ఈ పద్ధతిలో బాకీ తీరేవరకు ఆసామి ఇంట చాకిరి చేయాలి. దానిని అదుపు చేసే చట్టం 1936లో గాని రాలేదు. పాలకుడు మనవాడే. అయినా ఈ మాట దాచకూడదు.

మరి ఎడమ గట్టు ఆశ్రయమయిందా? అక్కడ అడవే మూసుకుపోయింది. మధ్య పరగణాల పాలనలో రేకపల్లి ప్రాంతపు పోడుకు గొడ్డలికి 4 అణాలు పన్ను. 1874లో ఆ ప్రాంతం మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చిన తరువాత పన్ను పెరిగినది, కొన్ని చోట్ల పోడే నిషేధించబడినది. 1879లో రంప తిరుగుబాటు అక్కడికీ పాకడానికి ఇది ముఖ్య కారణం. చట్టం సంకెల విప్పినది సరే, విప్పిన కాలు మోపడానికి నేల ఏది?

1941లో హైమెండార్ఫ్ ఈ నదీతీరపు కొండరెడ్ల మధ్య ఉండి చూశాడు. కలప వర్తకులు ధాన్యం, గుడ్డలు ముందుగా ఇచ్చి వెదురు కొట్టించుకునేవారు. బాకీ ఏనాటికీ తీరేది కాదు. పోడు మీద బ్రతికే కొండ పల్లెలవారు వర్తకునికి అంతగా చిక్కలేదు. రెండు చోట్లా మనుషులు ఒక్కరే, భూమిలోనే తేడా.

స్వేచ్ఛ కోరి ఒప్పందం అడిగిన బానిసకు, దైవం ఇచ్చిన ధనంలో నుండి కొంత ఇమ్మని కూడా సూరా అన్‌నూర్ 33వ ఆయతు ఆదేశిస్తుంది. ఫిఖ్ గ్రంథాలలో ముకాతబ అనేది ఇదే. విడుదల పత్రంతోపాటు బ్రతుకుదెరువు కూడా అందులో ఉన్నది. ఆంగ్లేయుల 1843 చట్టంలో గాని, నిజాం 1936 చట్టంలో గాని ఆ రెండవ భాగం లేదు.

భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో చేరినది. వెట్టిని నిషేధించే కేంద్ర చట్టం 1976లో వచ్చినది. కొండరెడ్ల కొయిడా గ్రామమున్న వేలేరుపాడు మండలాన్ని పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు.