పదును

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువును 1,000 మంది కూలీలతో, 100 బండ్లతో, రెండేండ్లలో కట్టించినట్లు అందులో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను కూడ రాతిమీద చెక్కించినారు. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట ఒక దోషమట! ఆ పెద్దలు లోకము తెలిసినవారు.

రాయలసీమను గురించి వ్రాసేవారు చెరువులతో మొదలుపెట్టడము పరిపాటి. వాటికి శాసనములున్నవి మరి. కాని ఆ సీమలో అధిక భాగము మెట్ట. అక్కడి రైతు బ్రతుకు చెరువు నీటికన్న మట్టిలో నిలిచిన తేమపైననే ఎక్కువగా ఆధారపడినది. ఆ తేమను అతడు పదును అన్నాడు. పదునుకు ఏ రాజూ శాసనము వేయించలేదు.

పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించడముచేత అనంతపురము ప్రాంతమున ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్రనేల లోతు తక్కువ. వాన వెలిసిన కొద్ది దినములకే పదును ఆరిపోతుంది. నల్లరేగడి తీరు వేరు. వానలన్నీ త్రాగి దాచుకొని, చలికాలమున శనగను, జొన్నను పోషిస్తుంది. శనగ మంచుకే పండుతుందని పల్లెవారంటారు. నిజానికి దానిని పండించేది రేగడి దాచిన పదునే.

1876లో రెండు ఋతుపవనములూ తప్పినవి. మరుసటి యేడు ముంగారు కూడ ఎండినది. రెండేండ్ల లోటును ఏ రేగడి భరింపగలదు? అదే ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయినవి. దేశమున 50 లక్షలకు పైగా మరణించినారని అంచనా. పసిఫిక్ మహాసముద్రపు జలములు వేడెక్కే ఎల్‌నినో ఆనాడు ప్రబలముగా ఉండెనని శాస్త్రజ్ఞులు తరువాత తేల్చినారు.

క్షామము తరువాత ప్రభుత్వ దృష్టి కాలువలమీదికి, రైలుమార్గములమీదికి పోయినది. మెట్టనేలలోని తేమను శ్రద్ధగా పరిశీలించుటకు మరి అర్ధశతాబ్దము పైన పట్టినది. 1933-35 మధ్య షోలాపూరు, బిజాపూరు, రాయచూరు, రోహతక్‌లతో పాటు బళ్ళారి చెంతనున్న హగరిలోను మెట్టసేద్యపు పరిశోధన ఆరంభమైనది. వాలుకు అడ్డముగా గట్లు వేయుట, సాళ్ళ నడుమ అంతరకృషి చేసి పై మట్టిని గుల్లగా ఉంచుట అక్కడ చెప్పిన మార్గములు. గుంటక మన రైతుకు కొత్తది కాదు, కొత్తది కొలత.

ఆ కొలతయే ఇప్పుడు మారుచున్నది. ధాత కరువునాటికన్న భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని మోయగలదు. కనుక అది నేలనుండి ఎక్కువ త్రాగుతుంది. కురిసినప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. ఎర్రనేల పైపొర కరకట్టి, నీరు వంకల పాలవుతుంది. వానమానిలో ఆ 550 మిల్లీమీటర్లే ఉండవచ్చును. చేనిలో పదును ఉండదు.

కొర్ర, సజ్జ పండిన అనంతపురపు చేలను గడచిన శతాబ్దమున వేరుశనగ ఆక్రమించినది. ధర వచ్చే పంట కనుక రైతును తప్పుపట్టలేము. అయితే దాని పూవునుండి పుట్టిన ఊడ నేలలోనికి దిగితేనే కాయ కడుతుంది. 2023 ఆగస్టు, 1901 తరువాత దేశమంతటిమీద అతి తక్కువ వాన కురిసిన ఆగస్టు; ఆ యేడు కూడ ఎల్‌నినో ఉన్నది. ముంగారు వేరుశనగకు అది ఊడలు దిగే వేళ.